ఒరేయ్ బావా, ఆ బంపర్ పారేయకు

ఏరా బావా,

నువ్వు పెట్టిన ఫోటో జూమ్ చేసి మరీ చూశాను. మీ ఐ10 బంపర్ పగులు చూడ్డానికి పెద్దదే గానీ పారేసేంత కాదురా. ఆ సర్వీస్ సెంటర్ వాడు "మార్చేయాలి సార్" అన్నాడని వెంటనే ఊ కొట్టేయకు, వాళ్లకి అతికే గొడవ కంటే మార్చడమే తేలిక, అలాగే చెప్తారు మరి. ఈమధ్యే మా ఆల్టోకి, అదే 2009 మోడల్ సిల్వర్ కలర్ది, ముందు బంపర్ రావులపాలెంలో చేయించాను. చేయించడం అంటే బండి వదిలేసి రావడం కాదు, షెడ్డులో స్టూలేసుకుని కూర్చుని అడిగిందే అడిగి మేస్త్రీ గారి బుర్ర తినేశాను, పాపం ఆయన కూడా విసుక్కోకుండా "ఆయ్, అడగండి, తెలుసుకుంటే తప్పేముందండి" అంటూ అన్నీ చెప్పుకొచ్చారు. 

ఎలా పగిలిందంటావా, కాలవ గట్టు మీద ఆగి ఉంటే ముందున్న కొబ్బరికాయల ట్రాక్టర్ వాడు వెనక్కి చూడకుండా రివర్స్ చేశాడు, ట్రక్కు వెనకున్న కొక్కెం సరిగ్గా ఎడమ మూల దిగింది. మనూరోడే, ఏం గొడవ పడతాం, వదిలేశా.

అసలు సంగతికి వస్తా. ముందు నీ బంపర్ ఏ ప్లాస్టిక్కో చూడు. లోపలి వైపు టార్చి వేసి చూస్తే చిన్న అక్షరాలు పోత పోసి ఉంటాయి, పీపీ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం అనో, పక్కన టీడీ 10 అనో 20 అనో. పీపీ అంటే పాలీప్రొపిలీన్, మన పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీల జాతే, దెబ్బ తగిలితే విరక్కుండా ఉండడానికి ఈపీడీఎం అనే రబ్బరు కలుపుతారు, టీడీ అంటే టాల్క్ పొడి, ఆ అంకె దాని శాతం. అక్షరాలు కనపడకపోతే అంచున చిన్న పెచ్చు కోసి నీళ్ల గ్లాసులో వెయ్యి, పీపీ అయితే మామూలుగా తేలుతుంది (టాల్క్ మరీ ఎక్కువుంటే మునగొచ్చు), ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ అయితే మునుగుతుంది. ఇదంతా ఎందుకంటే ఈ పీపీకి ఓ పాడు గుణం ఉంది, దేన్నీ అంటనివ్వదు. గమ్ము పోసినా ఎపాక్సీ ముద్ద పెట్టినా అప్పటికి పట్టినట్టే ఉండి నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి పెచ్చులూడొచ్చేస్తుంది. అందుకని దాన్ని అతికించకూడదు, కరిగించి కలపాలి.

ఆ కలపడం చూడాలిరా నువ్వు. పగులు ఎక్కడ ఆగిందో వేలితో తడిమి, ఆ కొసన సన్న బిట్టుతో చిల్లు పెట్టారాయన. ఉన్న పగులు చాలదా అండీ మళ్లీ చిల్లెందుకు అంటే, పగులు కొస సూదిగా ఉన్నంతసేపూ ముందుకి పాకుతూనే ఉంటుందట, గుండ్రటి చిల్లు తగిలితే అక్కడితో ఆగుతుందట. తర్వాత లోపలి వైపు పగులు పొడుగునా గాడి తీసి, దాని మీద స్టీలు జాలీ ముక్క పెట్టి సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా నొక్కుకుంటూ పోయారు, జాలీ అలా లోపలికి దిగిపోతుంటే దాని కళ్లలోంచి నల్లటి ప్లాస్టిక్ బుడిపెలు బుడిపెలుగా పైకొచ్చింది. పైన ఇంకో పాత బంపర్లోంచి సన్నగా కోసుకున్న ముక్కలు కరిగించి నింపారు. కరిగించి నింపడానికి కొత్త ప్లాస్టిక్ రాడ్డు కొనక్కర్లేదా అంటే "అదీ పీపీయే ఇదీ పీపీయేనండి, ఒకే జాతి, కలిసిపోద్ది" అన్నారు. పీపీ 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది, పొగ లేచిందంటే మాత్రం మాడిపోతున్నట్టు, మాడినదానికి బలం ఉండదు, అందుకే ఆయన మధ్యమధ్యలో ఐరన్ ప్లగ్గు పీకేసేవారు. యూట్యూబ్‌లో జిప్ టైలు కరిగించి పోసేవాళ్లని చూసి నువ్వు అలాంటివి మొదలెట్టకు, అవి నైలాన్, పీపీతో కలవవు.

లోపలి పని చెయ్యకుండా పైన లప్పం పెట్టి రంగు కొట్టేసేవాళ్లు బోలెడుమంది. పైన పటారం లోన లొటారం. పైగా ఇనుముకి పెట్టే మామూలు లప్పం పెడతారు, అది గట్టిగా బిగుసుకుపోతుంది, బంపరేమో ఊగుతూనే ఉంటుంది, ఇంక పగలక ఏమవుతుంది. ప్లాస్టిక్‌కి సాగే లప్పం వేరే ఉంటుంది, అదే అడుగు. ఉప్పు కాగితం సంగతి మామూలే, గరుకు నంబరు 80తో మొదలెట్టి 180, 320, ఆఖర్న నీళ్లతో రుద్దే పేపర్ 600, నంబరు పెరిగేకొద్దీ నున్నన. ఇంకోటి, కాగితం పెట్టకముందే సబ్బు నీళ్లతో కడిగి క్లీనర్‌తో తుడిపించు, నువ్వు డ్యాష్‌బోర్డుకీ బంపర్‌కీ పూసే ఆ మెరుపు పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, కొంచెం మిగిలినా రంగు అక్కడక్కడా గుంటలు పడుతుంది. ఒట్టి ప్లాస్టిక్ బయటపడ్డ చోట ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకపోతే ఎంత మంచి రంగైనా రేకులు రేకులుగా లేచిపోతుంది.

రంగు దగ్గర మాత్రం ఆశలు తగ్గించుకో. రంగు కోడ్ బండికుండే కంపెనీ ప్లేటు మీద ఉంటుంది, మాది సిల్కీ సిల్వర్, జడ్2ఎస్, కానీ ఇన్నేళ్లు ఎండకి మాడిన బండికి కోడ్ ప్రకారం కలిపిన రంగు కొడితే బంపర్ ఒక్కటే కొత్త పెళ్లికొడుకులా కనపడుతుంది. అందుకే పెట్రోల్ మూత పట్టుకెళ్లి దానికి సరిచూసి కలిపించాం. సిల్వర్ అయితే ఇంకా తలనొప్పి, అల్యూమినియం రేణువులు గన్ను దూరాన్ని బట్టి, గాలి ఒత్తిడిని బట్టి ఒక్కోలా పడుకుంటాయి, ఎదురుగా చూస్తే కలిసిపోయినట్టుంటుంది, పక్కకెళ్లి చూస్తే తేడా. ఆ మాటకొస్తే కంపెనీ నుంచి వచ్చిన కొత్త బళ్లకే కొన్నిటికి బంపర్‌కీ ఫెండర్‌కీ (అదే, ముందు చక్రం పైనుండే రేకు) ఛాయ తేడా ఉంటుంది గమనించావా, ఇనప బాడీని 140 డిగ్రీల దాకా కాలుస్తారు, బంపర్ ఆ వేడికి ఒంగిపోతుంది కాబట్టి దానికి రంగు విడిగా వేస్తారు. నీది తెలుపు, అదృష్టవంతుడివి.

మా గోదారోళ్లకి వాతావరణం ఇంకో తంటా. థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తేమ రంగు మీదే దిగి మబ్బు పట్టినట్టు తెల్లబారుతుంది. ముసురు పట్టిందని మేస్త్రీ గారు గన్ను ముట్టుకోలేదు, మా ఆవిడేమో బండెప్పుడు బండెప్పుడు అని ఫోన్లు. చివరికి ఓ రోజు బాగా ఎండొచ్చాక, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లి, పల్చపల్చగా కోటు కోటుకీ మధ్య ఆరనిచ్చి కొట్టారు, పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని మెరుపు పూత. మర్నాడు చిన్న చిన్న గరుకులుంటే 2000 నీళ్ల పేపర్‌తో రుద్ది, మెరుపు తెచ్చే కాంపౌండ్ పేస్టు పట్టించారు.

నాకు నచ్చని సంగతి ఒకటే. అక్కడ హెల్పర్ కుర్రాడు క్లియర్ కొట్టేటప్పుడు మొహానికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. క్లియర్ గట్టిపడడానికి కలిపే హార్డనర్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయిరా, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావొచ్చు, తువ్వాలు దాన్నేం ఆపుతుంది, ఫిల్టర్ డబ్బాలుండే కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి. మేస్త్రీ గారితో గట్టిగానే అన్నాను, "కొంటానండి" అన్నారు, కొన్నారో లేదో మళ్లీ వెళ్లినప్పుడు చూడాలి.

ఇక నీ బండి. పగులు ఎంతున్నా ఫర్వాలేదు, ఫెండర్‌కి పట్టుకునే చెవులూ క్లిప్పుల చోట్లూ బాగున్నాయో లేదో చూడు, అవి విరిగిపోతే మాత్రం మార్చెయ్, లేకపోతే ఎంత బాగా అతికినా మూల దగ్గర సందు నోరు తెరుచుకునే ఉంటుంది. కొత్తది కొన్నా రంగు ఖర్చు తప్పుతుందనుకోకు, చాలావరకు రంగు లేకుండానే వస్తాయి.

ఇక్కడికే తెస్తానంటే సంక్రాంతికి ఎలాగూ వస్తావు గానీ పండగ ముందు తేకు, షెడ్లన్నీ నిండిపోతాయి, పొద్దున్న మంచు సరేసరి. సార్వా కోతలప్పుడూ వద్దు, మిషన్ల గడ్డి దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది. కనుమ వెళ్లాక ఓ వారం బండి నా దగ్గర వదిలేసి రైల్లో వెళ్లిపో, నేను చూసుకుంటా. ముందైతే ఆ లోపలి అక్షరాలూ చెవులూ ఫోటోలు తీసి పెట్టు, ఈ రాత్రికే పెట్టు, రేపు అటు వెళ్లే పనుంది, ఆయనకి చూపిస్తా.

ఉంటా మరి. చెల్లాయిని అడిగానని చెప్పు.