తాజ్‌మహల్‌లో రాతిపనిని చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒంగోలులో రైలెక్కి, కుటుంబంతో ఆగ్రా వెళ్లి తాజ్‌మహల్ చూసి వచ్చాను. అక్కడి పనితనం గురించీ, దాన్ని మనకు చూపిస్తున్న తీరు గురించీ మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేం మాట్లాడుకున్న గైడు ఉన్న గంటలో సగం సేపు, కట్టడం పూర్తయ్యాక షాజహాన్ పనివాళ్ల చేతులు నరికించాడన్న కథే చెప్పాడు. దానికి ఆ కాలపు రాతల్లో ఆధారమేదీ లేదని చరిత్రకారులు ఎన్నోసార్లు చెప్పారు. అయినా పిల్లల మనసులో నాటుకుపోయింది ఆ కథే. 1631లో బుర్హాన్‌పూర్‌లో ప్రసవమప్పుడు ముంతాజ్ కన్నుమూయడం, మరుసటి ఏడాదే యమున ఒడ్డున పని మొదలుకావడం, ఏటి ఒడ్డు నేల అంత బరువును మోయడానికి బావుల్లాంటి గోతులు తవ్వి రాయీ సున్నమూ నింపి పునాది వేయడం, రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి తెప్పించడం, ఇవన్నీ రెండు మాటల్లో దాటిపోయాయి.

ద్వారం చుట్టూ నల్లరాతితో పొదిగిన ఖురాన్ వాక్యాలను తలెత్తి చూడమని మా పిల్లలకు నేనే చెప్పాను. కింది అక్షరమూ, పై అక్షరమూ ఒకే పరిమాణంలో ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి పైకి పోయేకొద్దీ అక్షరాన్ని పెద్దది చేసుకుంటూ పోయారు, నేల మీద నిలబడ్డవాడి కంటికి చిన్నగా కనిపించకూడదని. ఆ రాత రాసిన అమానత్ ఖాన్ లోపల తన పేరును కూడా రాసుకున్నాడు. చేతులు నరికే కథ చెప్పేవారు ఈ సంతకాన్ని ఎందుకు చూపించరో నాకు అర్థం కాలేదు.

మా పనిలో అతుకు కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే రాయికి ఎదురుగా నిలబడం. పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేలా తల వంచి చూస్తాం. వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా మెరుపు అక్కడ విరిగిపోతుంది. పొగమంచు విడిపోయి ఎండ పడ్డాక, వెలుపలి గోడ మీద ఒక పువ్వును నేను అలాగే చూశాను. ఎర్రని కార్నీలియన్ రేకులు, పచ్చరాతి ఆకులు, దారమంత సన్నని తీగ. ఎక్కడా మెరుపు విరగలేదు. పాలరాయి మెత్తనిది, పొదిగిన రాయి గట్టిది; రెండింటినీ కలిపి అరగదీస్తే మెత్తనిది ముందు అరిగి, గట్టిది పైకి తేలాలి. డైమండ్ బ్లేడ్లూ పాలిష్ యంత్రాలూ ఉన్న మాకే అటువంటి పని తెమలదు. విల్లుకు కట్టిన తీగతో, ఎమెరీ అనే గట్టి గరుకురాతి పొడితో కోసి, ఆ సమతలం ఎలా సాధించారోనని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాలుగు మీనార్లు బయటికి కాస్త వాలి ఉండడం, మసీదుకు సరిజోడుగా ఉండాలనే తూర్పున మరో భవనం కట్టడం, అంత సరిజోడు లెక్కలో కుదరనిది షాజహాన్ సమాధి ఒక్కటే కావడం చాలామందికి తెలిసిన సంగతులే. నన్ను కదిలించింది మాత్రం ఎర్రరాతి పలకల మీద అక్కడక్కడ చెక్కిన రాతిపనివారి గుర్తులు. ఒకచోట నక్షత్రం, ఇంకోచోట గీతలు. మా క్వారీల్లో బ్లాకుల మీద పెయింటుతో వేసే నంబర్లు గుర్తొచ్చాయి.

నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మా చీమకుర్తి నేలలో పుట్టింది. దానిలో చాలా భాగం బ్లాకులుగానే ఓడలెక్కి పోతోంది. కోయడం, పాలిష్ పట్టడం దగ్గరే మా చేతి విద్య ఆగిపోయింది. క్వారీల మీద వచ్చే జిల్లా ఖనిజ ఫౌండేషన్ సొమ్మును నైపుణ్య శిక్షణకు వాడవచ్చని నిబంధనల్లోనే ఉంది. దానిలో కొంత వెచ్చించి, ఆగ్రాలో ఈనాటికీ పచ్చీకారీ, అంటే పాలరాతిలో రంగురాళ్లు పొదిగే పని, చేస్తున్నవారిని ఏడాదిలో రెండు మూడు నెలలైనా ఇక్కడికి రప్పించి, ఆళ్లగడ్డ, దుర్గి శిల్పులను కూడా కలుపుకొని, మన ఐటీఐల్లో చదివే పిల్లలకు రాతిలో రాయి పొదిగే పని నేర్పించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. సరుకుకు వెతుక్కోనక్కర్లేదు. ఫ్యాక్టరీల వెనక గుట్టలుగా పడి ఉన్న ముక్కరాయి వాళ్లు నేర్చుకోవడానికి చాలు.

ఇట్లు,
ఒక గ్రానైట్ కార్మికుడు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా