ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ల బ్రోకర్ ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో చదువు, ఉద్యోగాల పేజీ నేను వదలకుండా చదువుతాను, మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు పంపిస్తుంటాను కూడా. ఏ కోర్సుకి ఏ ఉద్యోగం, ఏ లాంగ్వేజ్‌కి ఎంత డిమాండ్ అన్నవి బాగానే రాస్తున్నారు. కానీ ఉద్యోగంలో చేరాక మొదటి నెలల్లో పిల్లలు ఎక్కడ ఇరుక్కుపోతున్నారో ఆ పేజీలో రావడం లేదు. కోడ్ రాయడం చాలామందికి వచ్చు, ఆ కోడ్ నడవడానికి కావాల్సిన సరంజామా సొంత లాప్‌టాప్‌లో పెట్టుకోవడం రాదు, ఎందుకంటే అది ఎవరూ నేర్పరు. అందులో ఒకటైన మెసేజ్ బ్రోకర్ గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, దయచేసి ఓపిగ్గా చదవండి.

తెలియని పాఠకుల కోసం ముందు అదేంటో చెప్తాను. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్ కొన్నారనుకోండి. డబ్బు కట్టాక ఎస్సెమ్మెస్ రావాలి, మెయిల్ రావాలి, బస్సు వాళ్లకి సీటు నంబర్ చేరాలి. ఇవన్నీ ఒకే ప్రోగ్రామ్ వరసగా చేస్తూ కూర్చుంటే, ఎస్సెమ్మెస్ పంపే సర్వీస్ కాసేపు మొరాయించినా మీ స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని టికెట్ ప్రోగ్రామ్ ‘ఫలానా టికెట్ అమ్ముడైంది’ అని బ్రోకర్‌కి ఒక మెసేజ్ ఇచ్చేసి తన పని చూసుకుంటుంది. బ్రోకర్ దాన్ని క్యూల్లో పెడుతుంది, ఎస్సెమ్మెస్ ప్రోగ్రామ్, మెయిల్ ప్రోగ్రామ్ తమ క్యూలోంచి తీసుకుని పని కానిస్తాయి. ఇలాంటి బ్రోకర్లలో బాగా వాడుకలో ఉన్నది ర్యాబిట్‌ఎంక్యూ. 2007లో వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. అది వాడే ఏఎంక్యూపీ అనే పద్ధతికి 2003లో జేపీ మోర్గాన్ బ్యాంకులో అంకురం పడింది. బ్యాంకు పనుల కోసం పుట్టింది కాబట్టి ఇచ్చిన మెసేజ్ పోకూడదు అన్న జాగ్రత్త దాని డిజైన్‌లోనే ఉంది.

ఇక అసలు సంగతి. చాలా ట్రైనింగ్ సెంటర్లలో, కొన్ని ఆఫీసుల్లో కూడా, ఒకే బ్రోకర్ సర్వర్ పెట్టి దాని అడ్రస్, పాస్‌వర్డ్ బోర్డు మీద రాసి అందరినీ వాడుకోమంటారు. మా టీమ్‌లో చేరిన ఒక అమ్మాయి అలాంటి చోటే నేర్చుకుని వచ్చింది. తను పంపిన మెసేజ్‌లలో సగమే తనకు తిరిగొచ్చేవట, మిగతా సగం ఏమయ్యేవో తెలిసేది కాదట. అడిగితే నీ కోడ్‌లోనే తప్పుంది, మళ్లీ రాయమన్నారట. ఆ పిల్ల నిజంగానే మళ్లీ మళ్లీ రాసింది. అక్కడ జరిగింది ఏంటంటే, క్లాసులో అందరూ పాఠంలో ఉన్న ఒకే పేరుతో క్యూ తెరిచారు. ఒకే క్యూ దగ్గర ఇద్దరు కన్స్యూమర్లు, అంటే క్యూలోంచి మెసేజ్ తీసుకునే ప్రోగ్రామ్‌లు, ఉంటే ర్యాబిట్‌ఎంక్యూ మెసేజ్‌లను వాళ్లకి వంతులవారీగా పంచుతుంది, ఒకటి నీకు, ఒకటి పక్కవాడికి. అది దాని ధర్మం, అందులో తప్పేమీ లేదు. ఈ అమ్మాయి మెసేజ్‌లు పక్క బెంచీ వాళ్ల లాప్‌టాప్‌కి పోతున్నాయి, అంతే. బ్రోకర్ మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లో ఆ క్యూ పేరు మీద నొక్కి కన్స్యూమర్ల జాబితా తెరిస్తే రెండు వేర్వేరు ఐపీ అడ్రస్‌లు కళ్లముందే కనపడతాయి. ఆ ఒక్క జాబితా చూపించి ఉంటే ఆ పిల్లకి తన మీద తనకు నమ్మకం పోయేది కాదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

కాబట్టి నేను గట్టిగా చెప్పేదేంటంటే, నేర్చుకునేవాళ్లయినా ఉద్యోగంలో ఉన్నవాళ్లయినా ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ల బ్రోకర్ ఉండాలి. లాప్‌టాప్ మోయలేదు అని కొందరు లెక్చరర్లు అంటారు, అది సాకు మాత్రమే. మెసేజ్‌లు పెద్దగా లేనప్పుడు ర్యాబిట్‌ఎంక్యూ తీసుకునే మెమరీ బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే అయ్యేదానికన్నా తక్కువే. డాకర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సిన వాటితో సహా కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం) ఉంటే ఒక్క కమాండ్‌తో పైకి లేస్తుంది. పోర్టు అంటే మెషీన్‌లోకి వెళ్లే తలుపు నంబర్ అనుకోండి. ప్రోగ్రామ్‌లు మాట్లాడుకోవడానికి 5672 పోర్టు, మనం చూసుకునే స్క్రీన్‌కి 15672 పోర్టు. ఇంతవరకు ఏ వీడియోలోనైనా చెప్తారు, ఆ తర్వాత వచ్చే తిప్పలు మాత్రం చెప్పరు.

మొదటిది, గెస్ట్ అనే యూజర్. ర్యాబిట్‌ఎంక్యూ పెట్టగానే యూజర్ పేరు గెస్ట్, పాస్‌వర్డ్ కూడా గెస్ట్ అని తయారుగా ఉంటుంది. 2014లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి ఆ యూజర్‌ని అదే మెషీన్‌లోంచి తప్ప బయటినుంచి రానివ్వదు. మంచి కట్టుబాటు. కానీ డాకర్‌లో దొరికే అధికారిక ఇమేజ్‌లో (కంటైనర్‌ని తయారుచేసే అచ్చు) ఆ కట్టుబాటు తీసేసి ఉంటుంది, లేకపోతే కంటైనర్ బయట ఉన్న మన ప్రోగ్రామ్ కూడా లోపలికి వెళ్లలేదు కదా. పైగా డాకర్‌లో పోర్టు తెరిస్తే మామూలుగా అది మెషీన్‌కున్న అన్ని నెట్‌వర్క్‌ల మీదా తెరుచుకుంటుంది. ఈ రెండూ కలిస్తే, హాస్టల్ వైఫైలో ఉన్న ఎవరైనా గెస్ట్, గెస్ట్ అని కొట్టి మీ బ్రోకర్‌లోకి వచ్చేయొచ్చు. పోర్టు నంబర్ ముందు 127.0.0.1 (ఈ మెషీన్ లోపలికే చెందిన అడ్రస్) అని చేరిస్తే ఆ తలుపు మూసుకుంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా మనం వేరేవి ఇచ్చుకోవచ్చు, అందుకు కంటైనర్‌కి రెండు వేరియబుల్స్ ఇస్తే చాలు. ఇంత చిన్న సంగతి పాఠాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

రెండోది ఇంకా ఏడిపిస్తుంది. డేటా పోకూడదని వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ చోటు) పెట్టుకుంటారు, బ్రోకర్ ఆగి లేచినా ఉండాలని క్యూని డ్యూరబుల్ అంటారు, డిస్క్ మీద రాయాలని మెసేజ్‌ని పర్సిస్టెంట్ అంటారు, అన్నీ సరిగ్గానే చేస్తారు. కంటైనర్ తీసేసి మళ్లీ కొత్తగా లేపితే క్యూలు ఒక్కటీ ఉండవు. కారణమేంటంటే ర్యాబిట్‌ఎంక్యూ తన డేటాని హోస్ట్‌నేమ్‌తో, అంటే మెషీన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో దాచుకుంటుంది, డాకర్ ఏమో కొత్త కంటైనర్‌కి ప్రతిసారీ కొత్త హోస్ట్‌నేమ్ ఇస్తుంది. పాత డేటా వాల్యూమ్‌లోనే భద్రంగా ఉంటుంది, కానీ బ్రోకర్ వేరే ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది. ఇంటి నంబర్ మారితే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగినట్టే. హోస్ట్‌నేమ్ మనమే ఒకటి ఖాయం చేసి రాస్తే సరిపోతుంది, ఒక్క లైను పని.

మూడోది లోకల్‌హోస్ట్ గొడవ. ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లో నేరుగా నడిచినంతకాలం బ్రోకర్ అడ్రస్ లోకల్‌హోస్ట్ (‘ఈ మెషీనే’ అని అర్థం) అని రాస్తే పనిచేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని కూడా కంటైనర్‌లో పెట్టిన రోజు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తుంది, ఎందుకంటే కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. అక్కడ కంపోజ్ ఫైల్‌లో (ఏ కంటైనర్లు ఎలా నడవాలో డాకర్‌కి రాసిచ్చే ఫైల్) బ్రోకర్‌కి పెట్టిన సర్వీస్ పేరు రాయాలి. అలా రాసినా ఒక్కోసారి అదే ఎర్రర్ వస్తుంది, బ్రోకర్ పూర్తిగా లేవకముందే ప్రోగ్రామ్ తలుపు కొడుతోందన్నమాట. బ్రోకర్ సిద్ధమైందో లేదో చూసే హెల్త్‌చెక్ పెట్టి, అది పాసయ్యాకే ప్రోగ్రామ్ మొదలవ్వాలని రాయాలి. పది సెకన్ల స్లీప్ పెట్టి నెట్టుకొచ్చేవాళ్లను చాలామందిని చూశాను, అది మందు కాదు.

డిస్క్ నిండిపోతే వచ్చే ఇబ్బంది ఇంకోటి. ఖాళీ చోటు 50 ఎంబీ కన్నా తగ్గితే బ్రోకర్ మెసేజ్‌లు తీసుకోవడం ఆపేస్తుంది, మన ప్రోగ్రామ్ మాత్రం ఎర్రరేమీ చూపించకుండా అలా నిలబడిపోతుంది. సినిమాలతో నిండిన లాప్‌టాప్‌లలో ఇది మామూలే. అలాగే తప్పులు వెతికే డీబగ్గర్‌లో, ఏదో ఒక లైను దగ్గర ఆగమని పెట్టిన బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రోగ్రామ్‌ని ఆపి భోజనానికి వెళ్తే, తీసుకున్న మెసేజ్‌కి 30 నిమిషాల్లో అందిందని జవాబు రాలేదని బ్రోకర్ ఛానెల్ (ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) మూసేస్తుంది, మెసేజ్ మళ్లీ క్యూలోకి వెళ్తుంది. తిరిగొచ్చిన కుర్రాడికి ఏం జరిగిందో తెలియక టెన్షన్. ఆ గడువు సెట్టింగ్స్ ఫైల్‌లో పెంచుకోవచ్చు, లోకల్‌లో పెంచుకుంటే వచ్చే నష్టమేమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. క్యూలు, ఏ మెసేజ్ ఏ క్యూకి పోవాలో చూసే ఎక్స్ఛేంజ్‌లు, వాటి మధ్య లింకులు, ఇవన్నీ మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లో చేత్తో తయారుచేస్తే అవి ఆ ఒక్క లాప్‌టాప్‌కే పరిమితం. పక్కవాడు మళ్లీ చేత్తో చేస్తాడు, ఒకచోట డ్యూరబుల్ కాకుండా వేరేది ఎంచుకుంటాడు, అప్పుడు అదే పేరుతో అదే కోడ్ క్యూ తెరవబోతే ఉన్న క్యూతో కుదరడం లేదని 406 ఎర్రర్ వస్తుంది. ఇవన్నీ డెఫినిషన్స్ అనే ఒక ఫైల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, కోడ్‌తో పాటు గిట్‌లో (టీమ్ కోడ్‌ని, దాని మార్పులను దాచే చోటు) పెట్టి, బ్రోకర్ లేచేటప్పుడు ఆ ఫైల్ చదువుకోమని సెట్టింగ్స్‌లో రాస్తే టీమ్‌లో అందరి బ్రోకర్లూ ఒకేలా ఉంటాయి. ఒక జాగ్రత్త, ఖాళీ బ్రోకర్ అలా ఫైల్ చదువుకుని లేస్తే గెస్ట్ యూజర్‌ని తనంతట తాను తయారుచేయదు, కాబట్టి యూజర్ కూడా ఆ ఫైల్‌లోనే ఉండాలి. ఆ యూజర్, ఆ పాస్‌వర్డ్ లోకల్‌కి మాత్రమే పనికొచ్చేవిగా ఉండాలి. అసలు సర్వర్ పాస్‌వర్డ్ పొరపాటున కూడా గిట్‌లోకి రాకూడదు.

ఎడిటర్ గారూ, ఇదంతా ఇంగ్లిష్‌లో ర్యాబిట్‌ఎంక్యూ వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంది, చాలా బాగా రాశారు కూడా. కానీ తెలుగు మీడియంలో చదువుకుని జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో గది తీసుకుని నేర్చుకునే పిల్లలు ఆ పేజీల దాకా వెళ్లేలోపు ఎవరో చేసిన పాత వీడియో పట్టుకుంటారు. క్యూలకి మిర్రరింగ్ (వేరే సర్వర్లలోనూ క్యూ నకలు ఉంచడం) పెట్టమని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2024లో వచ్చిన 4.0 వెర్షన్‌లో ఆ సౌకర్యమే తీసేశారు, దాని బదులు అదే పని చేసే కోరమ్ క్యూలు వాడమంటున్నారు. తెలుగులో ఎవరో ఒకరు ఇప్పటి సంగతి సరిగ్గా రాయాలి, మీ పేజీకి ఉన్నంత మంది పాఠకులు ఏ వీడియోకీ లేరు.

నెలకి ఒకసారైనా, అర పేజీ అయినా, ఇలాంటి పనిముట్లలో ఒక్కోదాన్ని లాప్‌టాప్‌లో ఎలా పెట్టుకోవాలో, ఎక్కడ ఇరుక్కుంటారో తెలుగులో వేయండి. బ్రోకర్ గురించి మొదటిది రాసే బాధ్యత నాది. కంపోజ్ ఫైల్, సెట్టింగ్స్ ఫైల్, డెఫినిషన్స్ ఫైల్ మూడూ పరీక్షించి, ఏ లైను ఎందుకుందో పక్కనే తెలుగులో రాసి పంపిస్తాను. పారితోషికం అక్కర్లేదు. మీ దగ్గర చోటు ఎంత ఉందో చెప్తే దానికి తగ్గట్టు కుదిస్తాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
మియాపూర్, హైదరాబాద్