మడమ మీద ఒక్క చుక్క తీయడానికి ఇంకెన్నేళ్లు?

సంపాదకుడు గారికి,

మే 25న ప్రపంచ థైరాయిడ్ దినోత్సవమని మీ జిల్లా పేజీలో ర్యాలీ వార్త ఘనంగా వేశారు. ముందు వరసలో బ్యానర్ పట్టుకున్న పెద్దసార్లు, వెనక ఎండకు చున్నీలు కప్పుకున్న నర్సింగ్ పిల్లలు, చివర్న మంచినీళ్ల క్యాన్లు. 'ప్రజల్లో అవగాహన పెరగాలి' అని అందరూ సెలవిచ్చారు. వార్త పాతబడిందని తెలుసు. అయినా కడుపుమంట చల్లారక రాస్తున్నాను. అంత వార్తలో అప్పుడే పుట్టిన బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. అవగాహన ఎవరికి పెరగాలో పెద్దసార్లే చెప్పాలి.

పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగ్గా పనిచేయకుండానో కొందరు పిల్లలు పుడతారు. కడుపులో ఉన్నన్నాళ్లు తల్లి హార్మోన్ కొంత అందుతుంది కాబట్టి పుట్టగానే చూస్తే బిడ్డ శుభ్రంగా ఉంటుంది. ఎంత పెద్ద డాక్టరైనా కంటితో చూసి కనిపెట్టడం కష్టం. మడమ మీద ఒక్క చుక్క రక్తం తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. రెండు వారాల్లోపు థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరూ మామూలు పిల్లల్లాగే ఎదుగుతారు, చదువుకుంటారు. నెలలు గడిచాక మొదలుపెడితే ఒళ్లు పెరుగుతుంది గానీ మెదడుకు జరిగిన నష్టం పూడదు. ఆ మాత్ర ఖరీదు రోజుకు కొద్ది రూపాయలు. చెంచాలో నలిపి తల్లిపాలతో కలిపి పట్టడమే.

ఇదేదో నిన్న మొన్న అమెరికాలో కనిపెట్టిన సంగతి కాదు. కెనడాలోని క్యూబెక్‌లో 1974 నాటికే ఎండిన రక్తపు చుక్కతో శిశువులకు ఈ పరీక్ష మొదలైంది. అంతదూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి 1,700 మందిలో ఒకరికి ఈ లోపం ఉందని తేల్చారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) హైదరాబాద్ సహా ఐదు మహానగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించింది. 1,130 మందికి ఒకరని లెక్క వచ్చింది. అంటే లక్ష కాన్పులకు 88 మంది పిల్లలు. పరిశోధన అంటే ఇదే. మన తల్లులు, మన పిల్లలు, మన ల్యాబులు. రక్తం మనవాళ్లది తీసుకున్నారు, పేపర్లు అచ్చయ్యాయి, పదోన్నతులూ వచ్చే ఉంటాయి. ఆ తల్లుల పక్క మంచం మీద ఇవాళ కాన్పయిన అమ్మాయికి దక్కిందేమిటి?

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు మూడేళ్లు దాటిన పిల్లాణ్ణి తల్లి చంకనేసుకుని తెచ్చింది. వాడికి ఇంకా నడక రాలేదు. నాలుక బయటికి వచ్చి ఉంది, బొడ్డు ఉబ్బి ఉంది, చర్మం గరుగ్గా ఉంది. సూది గుచ్చినా పెద్దగా ఏడవలేదు. ఏడ్చిన కాస్తా బొంగురు గొంతు. "మావోడు బంగారం సార్, పుట్టినకాడి నుంచి ఏడుపే లేదు, పాలకు కూడా నేనే లేపేదాన్ని" అంది ఆ తల్లి. సాంపిల్ పెడితే, థైరాయిడ్ సరిగ్గా పనిచేయనప్పుడు రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ వందకు పైన అని చూపించి మిషన్ ఆగిపోయింది, అంతకు మించి కొలవలేదు అది. డైల్యూట్ చేసి మళ్లీ పెట్టాం. అంకె ఎంతొస్తే ఏం లాభం? ఆ బంగారం లాంటి నిద్ర, వారాల తరబడి తగ్గని పసిరికలు, మలబద్ధకం అన్నీ రోగ లక్షణాలేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు కాన్పు జరిగింది సర్కారు దవాఖానలోనే. బరువు తూచారు, టీకా వేశారు, ఫొటో దిగారు, బండెక్కించి ఇంటికి పంపారు.

ఈ పరీక్ష గురించి ఎప్పుడు అడిగినా పెద్దసార్లు చెప్పే సాకు ఒకటుంది. పుట్టిన మొదటి రోజు టీఎస్‌హెచ్ ఎలాగూ పెరుగుతుంది, పరీక్ష 48 గంటలు దాటాక చేయాలి, అప్పటికి తల్లులు ఇళ్లకు వెళ్లిపోతారు, కాబట్టి కుదరదు. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి! తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ సర్వేలో దేశంలో మనదే మొదటి స్థానం. కడుపు కోసిన తల్లిని రెండో రోజునే పంపేస్తున్నారా? మామూలు కాన్పయి ముందే వెళ్లిన వాళ్ల ఇంటికి మూడో రోజున ఆశా కార్యకర్త వెళ్లి బిడ్డను చూడాలని నిబంధన ఉంది. ఆమె చేతికి ఒక లాన్సెటూ (గుచ్చే చిన్న సూది) రక్తపు చుక్క పీల్చుకునే ఒక ఫిల్టర్ పేపర్ కార్డూ ఇచ్చి, ఒక పూట నేర్పిస్తే సరిపోయేది. మడమ పక్కన గుచ్చాలి, మొదటి చుక్క తుడిచేయాలి, రెండో చుక్కతో కార్డు మీది గుండ్రటి గీత నిండాలి, నీడలో ఆరబెట్టాలి. ఇంతే. అదీ కాదంటే కాన్పు గదిలోనే బొడ్డుతాడు రక్తం తీయొచ్చు. థైరాయిడ్ వరకు అది చాలని పిల్లల హార్మోన్ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చిన బిడ్డను మళ్లీ పిలిచి నరం రక్తంతో నిర్ధారించుకోవాలి. ఆ బొడ్డుతాడు రక్తం ఇప్పుడు మాయతోపాటు బకెట్‌లోకి పోతోంది.

మిషన్లు లేవంటారా? జిల్లా జిల్లాకూ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్బులు పెట్టి పెద్దవాళ్లకు థైరాయిడ్ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. సంతోషం. ఆ హబ్బులకు నెలకు ఎన్ని నవజాత శిశువుల సాంపిళ్లు వస్తున్నాయో బోర్డు మీద రాయమనండి చూద్దాం. 2013లో వచ్చిన కేంద్ర పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలో ఈ జబ్బు పేరు ఉంది, కాకపోతే రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం చేసుకోవచ్చట. ఇష్టం ఉన్న కేరళ సర్కారు దవాఖానల్లో దీన్నీ, దీంతోపాటు మరో మూడు జబ్బుల్నీ పదేళ్లకు పైగా చూస్తోంది. గోవా 2008లోనే మొదలుపెట్టింది. మనం 2017లో బాలింతలకు కేసీఆర్ కిట్టు ఇచ్చాం. సబ్బు, నూనె, పౌడర్, దోమతెర. వద్దనడం లేదు, బీదవాళ్లకు అక్కరకొచ్చింది. దోమతెర మడతలో ఒక కార్డు పెట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. కార్డుకు రిబ్బన్ కత్తిరించలేం. కొత్త మిషన్ వస్తే కొబ్బరికాయ కొట్టడానికి పదిమంది వస్తారు, మెయింటెనెన్స్ కాంట్రాక్టు అయిపోయి అదే మిషన్ గుడ్డ కప్పుకుని కూర్చుంటే ఒక్కడూ రాడు. పరీక్షకు వాడే రసాయనాలు (రియేజెంట్లు) ఏడాదిలో సగం రోజులు ఉండేవి కావు. ఉన్న రోజుల్లో, ఆఫీసు వాళ్లకు రిపోర్టులు టైపు చేయడానికి మమ్మల్నే కూర్చోబెట్టేవాళ్లు. పాత రోజుల్లో సూపరింటెండెంట్ పొద్దున్నే ల్యాబులోకొచ్చి మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చెప్పే కంట్రోల్ రీడింగు ఎంతొచ్చిందని అడిగేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పెడితే తనిఖీ అయిపోయినట్టే.

ఈలోపు కార్పొరేట్ ఆసుపత్రులు ఇదే పరీక్షకు ఇంకో యాభై జబ్బుల పేర్లు తగిలించి ప్యాకేజీ చేసి వేల రూపాయలు గుంజుతున్నాయి. ఉన్నవాళ్ల పిల్లలకు పరీక్ష, లేనివాళ్ల పిల్లలకు ర్యాలీ. మీ పత్రికా తక్కువ తినలేదు. అవగాహన వార్త వేసిన రోజే లోపలి పేజీలో 'థైరాయిడ్‌కు శాశ్వత పరిష్కారం, మందులు మానేయండి' అని ఎవడో పొడి అమ్ముకునేవాడి ప్రకటన వేశారు. థైరాక్సిన్ మాత్ర మానిపిస్తే పసిబిడ్డకు ఏమవుతుందో ఆ డబ్బు తీసుకున్న విభాగం వాళ్లకు ఎవరైనా చెప్పారా?

జిల్లా వైద్యాధికారిని మీ విలేకరి నాలుగే అంకెలు అడగాలి. నెలలో ఎన్ని కాన్పులు? ఎంతమంది బిడ్డలకు టీఎస్‌హెచ్ చూశారు? ఎంతమందిని వెనక్కి పిలిచారు? ఎంతమందికి రెండు వారాల్లోపు మాత్ర మొదలైంది? ప్రెస్‌నోట్ రాసివ్వకుండా రిజిస్టర్ తెరిచి చూపించమనండి. చివరి అంకె మరీ ముఖ్యం. పరీక్ష చేసి, ఫోన్ కలవలేదని వదిలేసినా చేయనట్టే.

ఇక ఈ నెలలో కాన్పుకు వెళ్లే ఇళ్లవాళ్లకు: డిశ్చార్జి కాగితం మీద బిడ్డ టీఎస్‌హెచ్ రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డ్యూటీ డాక్టర్ను అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి. అక్కడ కాదంటే పిల్లల డాక్టర్ దగ్గరికి మొదటి వారంలోనే తీసుకెళ్లి చేయించండి.

ఇట్లు
మీ పాత చందాదారు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ