నా కాగితం చదివి పెట్టిన ఆ చెల్లెలికి

లేజర్ చేయించుకుని ఇవాళ్టికి మూడో రోజు. ఎడమ కంట్లో నల్ల పోగులు ఇంకా ఈదుతూనే ఉన్నాయి. మూడు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటున్నాను, నిద్ర సరిగా లేదు. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది.

ఆదివారం పొద్దున పూలు కోస్తుంటే కంటి ముందు మసి చల్లినట్టయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మా ఊళ్లో కంటి ఆసుపత్రికి వెళితే రెటీనా (కంటి వెనకుండే పొర) డాక్టరు గురువారమే వస్తారు, అప్పుడు రండి అన్నారు. ఉన్నట్టుండి నల్లచుక్కలు కమ్మినా, మెరుపులు వచ్చినా, ఓ పక్క తెర దించినట్టున్నా ఆ రోజే చూపించుకోవాలట. మరి నన్ను నాలుగు రోజులు ఆగమని ఎలా చెప్పారు? మనసు కుదరక సోమవారం గుంటూరు వెళ్లాం. వయసు మీద పడ్డాక కంటి లోపలి జిగురు కుంచించుకుపోయి రెటీనా నుంచి విడిపోతుందట. నాకు అలా విడిపోతూ లాగినప్పుడు సన్నటి రక్తనాళం తెగింది, రెటీనా కొద్దిగా చిరిగింది. కారిన రక్తం కొంచెమే, అదే మెల్లగా కరుగుతుందన్నారు. చిరుగు చుట్టూ మాత్రం వెంటనే లేజర్ పడాలన్నారు.

మా ఆయన డబ్బు కట్టడానికి కిందికి వెళ్లారు. రెండు కళ్లలోనూ చుక్కలు వేసి, చేతిలో అంగీకారపత్రం పెట్టి, చదివి సంతకం చేయమన్నారు. 28 ఏళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని. ఒక్క అక్షరం కనబడలేదు. చేతులు వణికిపోయాయి.

పక్క కుర్చీలో వాళ్ల అత్తగారిని తీసుకొచ్చిన ఒకమ్మాయి ఉంది. "ఇలా ఇవ్వక్కా, నేను చదువుతా. ఏడో తరగతే చదివా, తప్పులుంటే ఏమనుకోకు" అంది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒత్తులు తడబడితే ఆగి మళ్లీ చదివింది. నా క్లాసులో పిల్లలు అలాగే చదువుతారు. నాకు ఏడుపు ఆగలేదు. తన కొంగుతో నా చెంపలు తుడిచి, సంతకం చోట నా వేలు ఆనించింది.

కళ్లలో చుక్కలు వేసుకుని కూర్చున్న వాళ్ల హాల్లో టోకెన్ నంబర్లు టీవీలో వేస్తారు! పిలవడానికి ఒక మనిషిని పెట్టలేరా? ఆమే లేచి అందరి నంబర్లూ గట్టిగా చదివింది. లేజర్ గది గుమ్మం దాకా నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు. తల్లీ, నువ్వు చదివిన ప్రతి అక్షరం నాకు సరిగ్గానే వినబడింది. ఒక్క తప్పూ లేదు.

మా ఆయనకి, పిల్లలకి సరే. నా క్లాసులు తీసుకుంటున్న లెక్కల మాస్టారికి, గుంతల్లో నెమ్మదిగా నడిపిన ఆటో అబ్బాయికి దండాలు. అయ్యో, ఆదివారం సగం కోసిన పూలు ఏరి మా దేవుడి గదిలో పెట్టి వెళ్లిన పక్కింటి పిన్నిగారు కూడా.