రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి

సంపాదకుడు గారికి,

పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స ముగించుకుని నాకిది నాలుగో ఏడు. క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్ల గురించి ఈమధ్య వస్తున్న వార్తల్లో ‘ఒక్క రక్తపరీక్షతో ఎంతకాలం బతుకుతారో చెప్పేయొచ్చు’ అన్న ధోరణి కనిపిస్తోంది. అలాంటి వార్త చదివి ఒక రాత్రంతా నిద్రపోలేదు నేను. అందుకే ఈ ఉత్తరం. ఆ పరీక్షలు పనికిరావని కాదు, అవి పనికొచ్చే తీరు వేరే ఉందని.

చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ రక్తం తీస్తారు. డాక్టరు గారు స్కానింగు, ట్యూమర్ మార్కర్ (క్యాన్సర్ జాడ చూపే రక్తపరీక్ష) చూసి ‘బాగుందమ్మా’ అంటారు. మిగతా కాగితాల్లో హద్దు దాటిన అంకెను ల్యాబువాళ్లు మందపాటి అక్షరాల్లో వేస్తారు గనక, అలాంటిది కనబడకపోతే ఫైలు మూసేస్తారు. నా కాగితాల్లో మందపాటి అక్షరం ఎప్పుడూ లేదు. ఆరు నెలల్లో ఆల్బుమిన్, అంటే కాలేయం తయారుచేసే ఒక రక్తంలోని ప్రొటీన్, డెసీలీటరుకు 4.4 గ్రాముల నుంచి 3.6కి దిగింది, 3.5 దాకా నార్మలే. తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 55 శాతం నుంచి 70కి పెరిగాయి, లింఫోసైట్లు అనే రకం 33 నుంచి 20కి తగ్గాయి. విడివిడిగా చూస్తే అవీ హద్దులోనే ఉన్నాయి. కానీ న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1.7 నుంచి 3.5కి చేరింది, అంటే రెట్టింపు. అదే ఆరు నెలల్లో బరువు 61 కిలోల నుంచి 56కి పడింది. ‘సన్నబడ్డావు, మంచిదే’ అన్నారు అందరూ. నేనూ సంబరపడ్డాను. క్యాన్సర్‌లో కండ కరిగిపోయే కాకెక్సియా అనే స్థితిని గుర్తించడానికి, ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడాన్ని కొలతగా 2011లోనే నిపుణులు పెట్టారని నాకు అప్పుడు తెలియదు. నేను తగ్గింది 8 శాతం.

చివరికి ఒక చెకప్‌లో డ్యూటీ డాక్టరమ్మ, నా కూతురి వయసుంటుందేమో, మూడు రిపోర్టులు బల్లమీద పక్కపక్కన పరిచి ‘ఎంత తింటున్నారమ్మా?’ అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే. తింటే విరేచనాలవుతాయన్న భయంతో తిండి సగానికి తగ్గించానని, చిగుళ్లు నెలల తరబడి వాచి ఉన్నాయని అప్పుడు బయటపడింది. రెండూ బాగుచేయగలిగినవే. మరి అంతవరకూ ఎవరికీ ఎందుకు పట్టలేదు?

ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రగులుతుంటే కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి, అందుకే ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఆకలి చస్తుంది, కండ కరుగుతుంది. ఆల్బుమిన్, లింఫోసైట్లు రెండూ కలిపి లెక్కగట్టే సూచిక ఒకటి జపాన్‌లో 1984లోనే వచ్చింది. 2003లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో వైద్యులు సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక పాయింటు, ఆల్బుమిన్ 3.5 కంటే తగ్గితే ఇంకో పాయింటు అని కట్టారు. పాయింట్లు పెరిగినకొద్దీ రోగులు బతికిన కాలం తక్కువగా ఉందని ఎన్నో రకాల క్యాన్సర్లలో తేలింది.

అయితే అది గుంపు మీద తేలిన లెక్క. ఫలానా మనిషి ఎన్నేళ్లుంటుందో అది చెప్పదు. అంకె మారితే ఆయుష్షు మారుతుందనీ చెప్పదు. చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ పెరుగుతుంది. స్టెరాయిడ్లు వాడినా న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. కాలేయం, కిడ్నీ జబ్బుల్లో ఆల్బుమిన్ పడిపోతుంది. అది పడిపోయిందని ప్రొటీన్ పౌడరు డబ్బాల మీద పడితే లాభం లేదు. ఆల్బుమిన్‌ను పోషణకు కొలతగా వాడొద్దని, ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తుగా చూడమని అమెరికాలోని పోషణ నిపుణుల సంఘం ఆస్పెన్ 2020లో స్పష్టంగా చెప్పింది. భయపెట్టే వార్త పక్కనే పౌడరు ప్రకటన చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఆస్పత్రులను నేను కొత్త పరీక్షలేవీ అడగడం లేదు. ఇప్పటికే చేస్తున్న పరీక్షల్లోంచి ఆల్బుమిన్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, వాటితోపాటు బరువు, గత మూడు చెకప్‌లవి ఒకే వరసలో ఫైలు మొదటి పేజీలో రాయండి. ఆ వరస కిందికో పైకో జారుతుంటే ఆకలి ఎలా ఉందో అడగండి, ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ దాక్కుందేమో వెతకండి, డైటీషియన్ దగ్గరికి పంపండి. ల్యాబులు ఈసారి వచ్చిన అంకె పక్కన పోయినసారి అంకె కూడా వేస్తే చాలా మేలు.

మీకు కూడా ఒక విన్నపం. ఇలాంటి అధ్యయనాల వార్త వేసేటప్పుడు శీర్షికలో ఆయుష్షు మాట తీసేయండి. రోగి తన డాక్టరును ఏమడగాలో రెండు వాక్యాలు ఆ వార్త కిందనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు