కుంభకర్ణుడు లేచాడు

ఒరేయ్ మామా,

ఆలస్యమైంది, తిట్టుకో. కానీ మొత్తం చదివాక తిట్టుకో. నీ ఉత్తరాలు రెండూ అందాయి, నా నడుం నొప్పి తగ్గింది, అమ్మ నిన్ను అడిగింది. ఇక అసలు సంగతి.

మన కుంభకర్ణుడిలో, అదే ఆ పాత కంప్యూటర్లో, విండోస్ తీసేసి లినక్స్ పెట్టేశాను! విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా. విండోస్ 11 వేద్దామంటే, దానికి కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ వీడికి లేదు. కొత్తది కొనమని నువ్వంటావు, నేను విననని నీకు తెలుసు. పైగా రియల్ టైమ్ కెర్నెల్ (పనుల్ని గడువులోగా చేసేలా మార్చిన లినక్స్ గుండెకాయ) గురించి విన్నప్పటినుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా తిరిగింది, 2024లో వచ్చిన 6.12తో అసలు కెర్నెల్లోనే కలిసిపోయింది. రికార్డింగ్‌కి ఇంకేం కావాలి అనుకున్నా.

మన పాటలు పాడే ఆవిణ్ణి రికార్డింగ్‌కి కూర్చోబెట్టా. బఫర్ (ఒక్కో విడతలో పట్టే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు, రేటు 48 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో విడతకి 2.7 మిల్లీసెకన్లు. పల్లవి రెండో లైన్లో టప్! మళ్లీ టప్! శబ్దాన్ని నడిపించే జాక్ ప్రోగ్రామ్‌లో ఎక్స్‌రన్‌ల (బఫర్ గడువు తప్పిన సార్ల) అంకె ఎర్రగా పెరుగుతూనే ఉంది. బఫర్ 1024 చేస్తే చప్పుడు పోయింది కానీ ఆలస్యం 21 మిల్లీసెకన్లు దాటింది. "వెనకాల ఇంకెవరో పాడుతున్నారండీ" అందావిడ. నువ్వూ నీ మైకూ గుర్తొచ్చి, నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తా.

మూడు రాత్రులు రా. కెర్నెల్ని తిట్టా, సౌండ్ కార్డుని తిట్టా, యూఎస్‌బీ వైరు మార్చా. చివరికి తేలిందేమిటంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది, నా యూజర్ ఆడియో గ్రూపులోనే లేడు! అందులో ఉంటే గానీ జాక్‌కి రియల్ టైమ్ ప్రయారిటీ, అంటే మిగతా పనులకన్నా ముందు వరస, దక్కదు. రాజుగారు విందుకి పిలిచారు, గుమ్మం దగ్గర భటుడి జాబితాలో మన పేరు లేదు. సరే, చేర్చా. మళ్లీ టప్! లాగౌట్ అయి లాగిన్ అయితేనే అది వర్తిస్తుందని గుర్తొచ్చేసరికి ఇంకో గంట. (ఇది ‘సార్’కి చెప్పావో, చూడు.)

అప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మిగిలింది మనవాడి నిద్ర. పేరు ఊరికే పెట్టామా! ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్ పవర్‌సేవ్‌లో ఉంది. కాస్త పని తగ్గితే చాలు, వేగం దించేసి కునుకు తీస్తాడు. బఫర్ నింపే గడువు దాటాక ఆవులిస్తూ లేస్తాడు. పెర్ఫార్మెన్స్‌లో పెట్టా, వైఫై కూడా ఆపేశా. నలభై నిమిషాల టేకులో ఎక్స్‌రన్‌లు సున్నా. సున్నా రా! ఫ్యాన్ మాత్రం గురక పెడుతోంది, అందుకే వాణ్ణి పక్కగదిలోకి తోశా.

తర్వాత ఊరికే సరదాకి మామూలు కెర్నెల్‌తో బూట్ చేశా. అక్కడా సున్నాయే! అంటే నేను ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్న ఆ రియల్ టైమ్... వద్దులే, నువ్వు నవ్వుతావు.

దిగులల్లా పాత సెషన్లదే. గొంతుకి గుడిలో పాడినట్టు ప్రతిధ్వని కలిపే మన రివర్బ్ ప్లగిన్ విండోస్‌కే ఉంది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ మీద నడుస్తుందేమో చూడాలి, నీ దగ్గర దాని లైసెన్సు ఫైలు ఇంకా

ఆవిడ వచ్చేసింది, రెండో చరణం ఇవాళే. ఉంటా.

నీ
టప్‌టప్‌గాడు