ఆ ఆంబోతుకు అచ్చు ఎవరు పోశారు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, మా పట్టణం కూరగాయల మార్కెట్ దగ్గర రెండు ఆబోతులు కుమ్ముకున్న వార్త వేశారు. వార్తలో తప్పేమీ లేదు. కొత్తిమీర బండి బోర్లా పడటం, ఒక పెద్దావిడ మోకాలు చీరుకుపోవడం నేనూ చూశాను. నా పేచీ అంతా 'అచ్చోసిన ఆంబోతుల బీభత్సం' అన్న మీ శీర్షికతోనే. ఆ రెండింటి ఒంటి మీద ఎక్కడా అచ్చు లేదు. ఒకదాని చెవికి మాత్రం పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల వేలాడుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

అచ్చు పోయడమంటే కాల్చిన ఇనుప ముద్రతో వాత పెట్టడం. అచ్చు పోసిన అన్నది అచ్చువోసిన అయి, చివరికి అచ్చోసిన దగ్గర ఆగింది. 'ఆ' అంటే ఆవు, పోతు అంటే మగది. రెండూ కలిస్తే ఆబోతు, జనం నోట్లో నలిగి ఆంబోతు. (మీ పత్రిక కూడా రోజూ అచ్చోసి ఊరి మీదకు వదిలేదే. ఊరికే అన్నాను.)

ఇంట్లో పెద్ద దిక్కు పోతే పదకొండో రోజున ఒక కోడెకు శూలం, చక్రం ముద్రలు వేసి, పోయినవారి పేరున వదిలేవారు. వృషోత్సర్గం అంటారు. వదిలాక అది ఆ ఇంటిది కాదు. కాడికి కట్టరు, అమ్మరు, ఎవరి చేలో మేసినా కొట్టరు. అలా వదిలిన ఆబోతు ఎవరి ఆస్తీ కాదు కాబట్టి దాన్ని పట్టుకుపోతే దొంగతనం కిందకు రాదని 19వ శతాబ్దం చివర్లో అలహాబాద్ హైకోర్టు తీర్పు కూడా చెప్పింది.

అలాగని మా ఒంగోలు ప్రాంతంలో దొరికిన కోడెనల్లా వదిలేవారు కాదు. ఊరి పెద్దలు కూర్చుని మూపురం, కాళ్ల కట్టు, తల్లి పాడి అన్నీ చూసి ఎంచేవారు. ఎందుకంటే ఊళ్లో ఎదకొచ్చిన ఆవులన్నిటికీ అదే దిక్కు. ఒంగోలు జాతికి ఆ రూపం రావడంలో, ఆ జాతి ఓడలెక్కి బ్రెజిల్ చేరి మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అయి స్థిరపడటంలో ఈ అచ్చోసిన ఆబోతుల పాత్ర తక్కువేమీ కాదు.

నా చిన్నప్పుడు మా ఊళ్లోనూ ఒకటి ఉండేది. కుడి తొడ మీద వాత పడినచోట వెంట్రుక మొలవక నున్నగా, అరచేయంత మచ్చ. పిల్లలం దొంగతనంగా ఆ మచ్చ తాకి పరుగెత్తేవాళ్లం. శనగ చేలో మూతి పెడితే రైతు కర్ర ఎత్తేవాడు కాదు. "పోవయ్యా, పక్క చేను కూడా చూడు" అని కండువాతో అదిలించేవాడు. మామూలు పశువును ఎవరైనా 'అయ్యా' అంటారా?

ఆ మర్యాద పోయి తిట్టు మిగిలింది. పదో తరగతి తప్పి ఊరంతా తిరుగుతున్న రోజుల్లో మా నాన్న నన్నూ ఆ మాటే అన్నాడు కాబట్టి దాని పదును నాకు బాగా తెలుసు. తిండి ఊరిది, పనేమీ లేదు, అడిగేవాడు లేడు అన్న ఉక్రోషం అది. నా విషయంలో నిజమే గానీ ఆబోతు విషయంలో కాదు. దానికి పనుంది.

ఆ పని తీసేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాను. మైనస్ 196 డిగ్రీల నత్రజని క్యాన్‌లోంచి వీర్యం నింపిన స్ట్రా తీసి ఆవుకు చూలు సూది వేయడం అలవాటయ్యాక ఊరికి ఆబోతు అక్కర తీరింది. దుక్కి ట్రాక్టర్ చూసుకుంటోంది. ఇక పాడి పెట్టుకున్నవాడికి కోడెదూడ పుడితే అది తాగే పాలు కూడా నష్టమే. కొన్నాళ్లు చూసి ఒక రాత్రి ట్రాలీ ఆటోలో తెచ్చి టౌన్‌లో దింపేస్తున్నారు. ఇంకొందరు పొద్దున పాలు పిండుకుని ఆవుల్ని రోడ్డు మీదకు తోలి, సాయంత్రం పాలవేళకు వచ్చి తోలుకుపోతున్నారు.

ఇప్పుడు బిళ్ల సంగతి. గాలికుంటు టీకాలప్పుడు పశువు చెవికి 12 అంకెల బిళ్ల వేస్తారు. నేను వేసినవే వందల్లో ఉంటాయి. ఆ నంబర్ 'భారత్ పశుధన్' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పశువుల చిట్టాలో కొడితే యజమాని వివరాలు వస్తాయి. అంటే మార్కెట్లో కుమ్ముకున్న వాటిలో ఒకదానికైనా పేరూ ఊరూ ఉన్న మనిషి ఉన్నాడు. ఈ మాటే చెబుదామని ఒక ఆఫీసుకు వెళితే బిళ్ల మా పని కాదన్నారు. ఇంకో ఆఫీసుకు వెళితే రోడ్డు మీది పశువు మా పని కాదన్నారు. 1871లోనే పశువులు పరాయి చేలో పడితే ఏం చేయాలో చట్టం రాసుకున్న దేశం మనది. బందెలదొడ్డికి తోలేవారు, యజమాని బందె కట్టి విడిపించుకునేవాడు. మా పట్టణంలో ఆ దొడ్డి స్థలంలో ఇప్పుడు బైకులు పెట్టుకుంటున్నాం.

దొడ్డి మళ్లీ తెరవాలి, బిళ్ల చూసి యజమానికి ఫోన్ చేసే బాధ్యత ఒక్కరికి అప్పగించాలి. బిళ్ల పీకేసినవాటికి మేత, నీడ పట్టణమే చూడాలి. మీ వంతుగా ఒక చిన్న సాయం. ఈసారి మీ ఫొటోగ్రాఫర్‌ను కొమ్ములతో పాటు చెవి కూడా పడేలా తీయమనండి.

ఇట్లు,
పశువుల ఆస్పత్రి మాజీ ఉద్యోగి,
ప్రకాశం జిల్లా